నాగపూర్ ఉత్తరానికి జవాబు

చావడానికి కూడా పక్కన సరైన ముక్క ఉండాలి ఈ ఇంగ్లీషువాళ్ళకి. డైడ్ ఆఫ్ అంటే జబ్బు చేసి పోవడం. డైడ్ ఫ్రం అంటే దెబ్బ తగిలో విషం ఎక్కో పోవడం. డైడ్ ఇన్ అంటే యుద్ధంలోనో ప్రమాదంలోనో పోవడం. అంతవరకూ నోటు పుస్తకంలో ఉంది. డైడ్ విత్ అని రాయకూడదు, మనం జ్వరంతో పోయాడంటాం కనక తెలుగువాడి చేతికి ముందు అదే వస్తుంది, జాగ్రత్త, అని కింద ఎర్రసిరాతో గీత కూడా ఉంది. అన్నీ మనుషుల చావులే. కడియంలో లారీ ఎక్కి నాగపూర్‌లో దిగాక ఆకు రాల్చి నిలువునా ఎండిపోయిన సపోటా అంటు ఏ ముక్కతో చావాలో అందులో లేదు.

జానకిరామ్ కలానికి మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

ఎండకి చచ్చాయి. నీళ్ళు లేక చచ్చాయి. తెలుగులో ఎంత సుళువు. కారణం పక్కన ఒక్క అక్షరం తగిలిస్తే చాలు, అది నమ్మకంగా అంటుకుని ఉంటుంది. కారణం చెప్పడం ఇష్టం లేకపోతే అదీ అక్కర్లేదు. 'మొక్కలు పోయాయండి' అంటే అవతలివాళ్ళు 'అయ్యో' అంటారు. ఎందుకు పోయాయని ఎవరూ నిలదీయరు. ఈ మేజర్ మాత్రం నిలదీశాడు.

టేబుల్ మీద ఆ ఉత్తరం ఉంది. టైపు చేసిన ఆరు వాక్యాలు, ఒక్క కొట్టివేత లేదు. నాగపూర్ దగ్గర తోట వేసుకున్న రిటైర్డ్ మేజర్ కులకర్ణి రాశాడు. పంపిన మూడు వందల సపోటా అంట్లలో నూట ఎనభై బాగున్నాయట, కొత్త చిగురు కూడా వేశాయట. మిగిలిన నూట ఇరవై రెండు వారాల్లో ఎండిపోయాయట. వాటి బదులు వేరే మొక్కలు పంపమని అడగడం లేదట. తెలుసుకోవలసింది ఒక్కటే. ఆ నూట ఇరవై మొక్కల్నీ తల్లి చెట్టు నుంచి ఏ తేదీన వేరు చేశారు?

ఆ ప్రశ్నలో ఆయన రెండు చోట్ల ప్రిపొజిషన్ వాడాడు. రెండూ సరిగ్గా ఉన్నాయి. జానకిరామ్ ఆ వాక్యాన్ని నిన్నటి నుంచి ఎన్నోసార్లు చదివాడు. చదివిన ప్రతిసారీ ఆ రెండు ముక్కల్నే చూశాడు, మధ్యలో ఉన్న తేదీ అనే మాటని చూడకుండా దాటేశాడు. ఆ సంగతి తనకి తెలుసు. తెలిసినా కళ్ళు మళ్ళీ అలాగే దాటేస్తున్నాయి.

అచ్చిబాబు గారి నర్సరీలో అతను పదకొండేళ్ళుగా గుమాస్తా. నాగపూర్, రాయపూర్, ఇండోర్ పార్టీలతో ఉత్తర ప్రత్యుత్తరాలు అతని పని. చుట్టుపక్కల నర్సరీల వాళ్ళు అతన్ని ఇంగ్లీషు గుమాస్తా అంటారు. నలభై రెండేళ్ళ మనిషి, ఒంటరివాడు, నర్సరీ వెనక గదిలోనే కాపురం. అచ్చిబాబు గారికి ఇంగ్లీషు రాదు. పదకొండేళ్ళలో ఒక్క ఉత్తరంలోనూ ఏం రాశావని అడిగి ఎరగడు. చూపించిన చోట సంతకం పెడతాడు.

ఈ ఉత్తరానికి జవాబు మాత్రం ఆయనే చెప్పాడు. మొన్న బుధవారం మేజర్ ఉత్తరం తెలుగులో చెప్పించుకుని, కాసేపు మీసం దువ్వుకుని, ఇది కట్టు దగ్గర వచ్చిన తప్పు అని తేల్చేశాడు. మొక్క వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి గడ్డకి తడి గడ్డి చుట్టి అరటి నారతో బిగించి కడతారు. ఆ కట్టు వదులైతే దారిలో గడ్డ విరిగి వేళ్ళు బయటపడి మొక్క పోతుంది. ఆ కట్లు కట్టింది సత్యకుమారి. తొమ్మిదేళ్ళ నుంచీ ఆమే కడుతోంది. కట్టిన మనిషిని తీసేశాం, ఇకమీదట ఇలా జరగదు అని రాసెయ్యి, పెద్దమనుషులు అలాంటి మాటకి చల్లబడతారు అన్నాడు అచ్చిబాబు గారు. రాసిన మాట అబద్ధం కాకూడదు కదా అని, సోమవారం నుంచి పనిలోకి రావద్దని సత్యకుమారికి కబురు కూడా పంపాడు. ఇవాళ శనివారం.

"ఓ ముక్క ఇంగ్లీషులో పడెయ్యవయ్యా. అంత ఆలోచనేంటి?" అని పొద్దున స్కూటర్ ఎక్కుతూ అన్నాడు. "సాయంత్రం వచ్చి సంతకం పెడతాను."

ఓ ముక్క. ఆ ముక్కల దగ్గరే కదా వచ్చింది గొడవంతా. ఏప్రిల్ అయితే ఇన్, సోమవారం అయితే ఆన్, ఆరు గంటలయితే ఎట్. వాళ్ళు నెల లోపలికి దూరాలి, రోజు మీదికి ఎక్కాలి, గంట దగ్గర నిలబడాలి. మనకి సోమవారం పక్కన అసలు ఏమీ అక్కర్లేదు, ఊరికే సోమవారం వస్తాడు, అంతే. కారులో అయితే ఇన్, బస్సులో అయితే ఆన్. మన దగ్గర బస్సు మీద ప్రయాణం చేసేవి కొబ్బరి గెలలూ కోళ్ళ గంపలూ. మరి లారీ? మొక్కలు లారీలో ఉన్నట్టా, లారీ మీద ఉన్నట్టా? రెండూ రాస్తారట. రెండూ రాసేటట్టయితే ఇంక సూత్రం ఏమిటి?

ఈ ప్రశ్న సామ్యేలు మాస్టార్ని అడిగాడు ఒకసారి. రాజమండ్రిలో ఉంటాడాయన, హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. రెండేళ్ళపాటు నెలకి రెండు ఆదివారాలు, సందేహాల చిట్టా జేబులో పెట్టుకుని, గులాబీ మొక్కో క్రోటన్ మొక్కో చేత్తో పట్టుకుని వెళ్ళేవాడు జానకిరామ్. ఆయన పెరడు నిండింది గాని చిట్టా తరగలేదు. చివరికి ఒకనాడు మాస్టారు కళ్ళజోడు తీసి, కారణం ఉంటే చెప్పనా, మీ అమ్మ నీకు కారణాలు చెప్పి తెలుగు నేర్పిందా అన్నాడు. తప్పు రాసినా పర్వాలేదు, అవతలివాడికి అర్థమవుతుంది, ముందు రాసెయ్యి అన్నాడు. ఆ మాటకి జానకిరామ్‌కి మోసపోయినట్టు అనిపించింది. అన్నం పెడతారని వెళితే ఆకలి వేసినా పర్వాలేదని చెప్పి పంపినట్టు. ఆ తర్వాత వెళ్ళలేదు.

తప్పు రాసినా పర్వాలేదనడం, ఎప్పుడూ తప్పు రాయని వాళ్ళకి సుళువు. ఇంటర్మీడియట్‌లో అతను కాంపోజిషన్‌లో తమ్ముడి మీద కోపం వచ్చిందని రాస్తూ యాంగ్రీ ఆన్ మై బ్రదర్ అన్నాడు. లెక్చరర్ ఆ వాక్యాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, తమ్ముడి మీదెక్కి కూర్చుని కోప్పడ్డావా నాయనా అని అడిగాడు. ఎనభై మంది నవ్వారు. ఆయన మంచివాడే. ఆ నవ్వు కూడా అంత చెడ్డదేం కాదు. కాని ఆ రోజు నుంచీ జానకిరామ్ ఇంగ్లీషు మాట్లాడ్డం మానేశాడు. రాయడం మిగిలింది. కాగితం వెంటనే నవ్వదు. కొట్టెయ్యొచ్చు, చింపొచ్చు, పుస్తకం తీసి చూసుకోవచ్చు. ఒక్కొక్క చిన్న ముక్క దగ్గరా గేటు పడిన లారీలా ఆగిపోతాడు. రైలు వస్తోందో లేదో కూడా తెలీదు. గేటు మాత్రం పడి ఉంటుంది.

కొన్నాళ్ళకి అతను మరొకటి కూడా గమనించాడు. అది ఎవరికీ చెప్పలేదు. మనసులో ఇంకేదైనా బరువు ఉన్నరోజున ఈ ముక్కల బెడద ఎక్కువవుతుంది. తల్లి పోయిన ఏడాది ఒక మామూలు ఆర్డరు ఉత్తరం మూడు రోజులు రాశాడు. పెద్ద భయం వస్తే మనసు దాని వంక చూడదు. చూడకుండా ఉండటానికి ఏదో ఒక చిన్నది వెతుక్కుని, దాన్ని పట్టుకుని గింజుకుంటుంది. ఇది తెలిశాక బెడద తగ్గాలి. తగ్గలేదు. పైగా, ఇప్పుడు దేన్ని చూడకుండా దాస్తున్నానో అని ఇంకో అనుమానం తోడయింది.

మధ్యాహ్నం రెండయింది. వెనక నీడ పందిరి కింద ఆడవాళ్ళు కలుపు తీస్తూ ఎవరి పెళ్ళి గురించో మాట్లాడుకుంటున్నారు. చిత్తు కాగితం మీద ఇప్పటికి మూడు వాక్యాలు అయ్యాయి. వేళ్ళు బయటపడటం వల్ల మొక్కలు చనిపోయాయి, ఇది ప్యాకింగ్‌లో జరిగిన లోపం, అందుకు బాధ్యురాలయిన వర్కర్‌ని తొలగించాం. మూడో వాక్యంలో రెస్పాన్సిబుల్ పక్కన ఫర్ రాశాడు. అది సరైనదే. తప్పు లేని వాక్యం. దాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

ఏదో తప్పు ఉండే ఉంటుంది. ఇక్కడ కాకపోతే జూన్‌లో రాసిన ఉత్తరాల్లో. మొక్కల్ని దింపగానే ఎక్కడ పెట్టమన్నాడు తను? నీడలోనా, నీడ దగ్గరా? పదిహేను రోజుల లోపల నాటమన్నాడా, పదిహేను రోజుల తర్వాతా? ఒక్క ముక్క అటూ ఇటూ అయి ఆ మేజర్ మొక్కల్ని మండుటెండలో పెట్టి ఉండొచ్చు కదా. ఆ ఆలోచన రాగానే జానకిరామ్‌కి సంతోషం లాంటిది కలిగింది. లేచి బీరువాలోంచి కార్బన్ కాపీల పుస్తకం తీసి, జూన్ పేజీలు తిప్పాడు. ఒక్కొక్క వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. తన తప్పు కోసం ఇంత ఆశగా అతను ఎప్పుడూ వెతకలేదు.

లేదు. అండర్ షేడ్ అని ఉంది, వితిన్ ఫిఫ్టీన్ డేస్ అని ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సామ్యేలు మాస్టారు చూసినా ఒక్క గీత పెట్టలేడు. ఆ ఉత్తరాలు చదివి ఆ మేజర్ సరిగ్గా చేయవలసిందే చేసి ఉంటాడు. నూట ఎనభై మొక్కలు బతికాయి కదా.

జూన్ ఇరవై ఒకటి, ఆదివారం పేజీ దగ్గర వేలు ఆగిపోయింది. ఆ పేజీలో ఉత్తరం లేదు. పై కాగితం చింపేస్తే కింద కార్బన్ కాపీ ఒక్కటీ మిగిలింది. వియ్ రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యూ దట్ దేర్ విల్ బి ఎ డిలే. దాని తర్వాత ఆఫ్. ఆఫ్ కొట్టేసి ఇన్. ఇన్ కొట్టేసి ఫర్. ఫర్ మీద మళ్ళీ ఆఫ్. కలం నొక్కి నొక్కి కాగితం అక్కడ చిల్లి పడింది.

పుస్తకం మూసేస్తే సరిపోయేది. మూయలేదు.

ఆ ఆదివారం అచ్చిబాబు గారు పెనుగొండలో బావమరిది ఇంటికి వెళ్ళాడు. లారీ వచ్చి గేటు ముందు నిలబడింది. ఇంకో మూడు రోజుల్లో ఆషాఢం. కొత్త పార్టీకి తొలి లోడు ఆషాఢంలో కదలకూడదు. ఇది కడియంలో అందరికీ ఉన్న పట్టింపు కాదు గాని, అచ్చిబాబు గారికి ఉంది. ఆయన తండ్రికీ ఉండేది. అందుకే వెళ్ళేముందు చెప్పే వెళ్ళాడు. సిద్ధంగా ఉన్న నూట ఎనభై ఎక్కించండి, తొలి లోడు కదిలినట్టే అవుతుంది, మిగతావి శ్రావణంలో చూసుకుందాం, ఆ సంగతి ఆ మిలట్రీ ఆయనకి ఓ ఉత్తరం రాసెయ్యి అని.

సపోటా కొమ్మని, వేళ్ళ కోసం పెంచిన పాల మొక్కకి కట్టి, రెండూ ఏకమయ్యాక తల్లి చెట్టు మీంచి కోసి దించుతారు. దించిన అంటు కనీసం పదిహేను ఇరవై రోజులు నీడ పందిరి కింద ఉండి తన వేళ్ళ మీద తను నిలబడటం అలవాటు చేసుకోవాలి. ఆ నూట ఇరవై దించి నాలుగు రోజులే అయింది. కోత దగ్గర పాలు ఇంకా సరిగ్గా ఆరలేదు. అంట్లు కట్టే పల్లంరాజు వాటిని విడిగా పెట్టి, చుట్టూ తాడు కూడా కట్టాడు.

జానకిరామ్ ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. పొద్దున పదింటికి కూర్చుని పన్నెండున్నరకి కూడా డిలే దగ్గరే ఉన్నాడు. మేజర్ ఉత్తరాల్లో ఒక్క తప్పు ఉండదు. అలాంటివాడికి, అదీ క్షమించమని అడుగుతూ, తప్పులతో రాస్తే ఎలా? చదివి నవ్వుతాడు. పక్కన ఎవరన్నా ఉంటే చదివి వినిపిస్తాడు. నోటు పుస్తకంలో డిలే ఆఫ్ ఉంది, డిలే ఇన్ ఉంది, రెంటి పక్కనా సరైనదే అని ఉంది. బయట లారీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. కాగితం చింపి ఉండ చుట్టి, బయటికి వచ్చి, మూడు వందలూ ఎక్కించెయ్యమన్నాడు.

పల్లంరాజు నార చుడుతున్నవాడల్లా ఆగాడు. "అవి కావండి గుమాస్తా గారూ. పురిటి బిడ్డని బస్సెక్కించినట్టుంటది. ఇంకో పదిహేను రోజులు నీడ పట్టున ఉండాలి."

"ఆషాఢం వస్తోంది. తెలుసుగా అచ్చిబాబు గారి సంగతి," అన్నాడు జానకిరామ్.

ఆషాఢం మాట వినగానే పల్లంరాజు నార కింద పెట్టాడు. ఆ నర్సరీలో ఆషాఢం మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. తాడు తీసేశారు. పన్నెండు గంటలు సత్యకుమారీ ఇంకో ఇద్దరూ కట్లు కట్టారు. మర్నాడు సోమవారం లారీ కదిలింది. పెనుగొండ నుంచి వచ్చిన అచ్చిబాబు గారు మూడు వందలూ వెళ్ళాయని విని, అయితే అవి కూడా ముదిరాయన్నమాట అనుకుని ఊరుకున్నాడు.

నెల రోజులుగా జానకిరామ్ ఆషాఢం వల్లే పంపానని నిజంగానే నమ్మాడు. మనసుకి అది పెద్ద కష్టమేం కాదు. తను చింపిన కాగితాన్ని పక్కకి తోసేసి, ఆ చోట పంచాంగాన్ని పెట్టింది. ఇప్పుడు కాగితానికి చిల్లి పడిన చోట వేలు పెట్టి కూర్చుంటే, ఎక్కడ లేని విసుగూ వచ్చింది. పాపం చేసినవాడికి రావలసిన బాధ కాదది. వట్టి విసుగు. ఇంత చిన్నదానికా? నూట ఇరవై మొక్కలు, మూడు నెలల పల్లంరాజు పని, ఒక ఆడమనిషి కూలి, ఇవన్నీ రెండక్షరాల ముక్కొకటి దొరక్కపోవడం వల్లనా? పోనీ అది దొరకనిదా అంటే, రెండూ సరైనవే. ఏది రాసినా సరిపోయేది.

మూడు దాటాక సత్యకుమారి వచ్చి గుమ్మం బయట నిలబడింది. మోచేతుల దాకా బురద ఉంది. చేతులు కడుక్కోవడానికి కూడా ఆగకుండా వచ్చినట్టుంది.

"నా గురించి రాత్తన్నారంటగా గుమాస్తా గారూ," అంది.

అతను కార్బన్ పుస్తకం మూశాడు. నీ గురించి కాదు, కట్టు గురించి అన్నాడు.

"కట్టింది నేనే కదండి. ఏం రాశారో ఓసారి సదవండి, ఇంటాను."

ఇంగ్లీషులో ఉంది, నీకు అర్థం కాదు అన్నాడు.

"అదేనండి నా బాధ. మా ఆయన తిట్టినా నాకు తెలిసిన మాటలే తిడతాడు. తిరిగి నాలుగంటాను, ఇద్దరికీ సరిపోద్ది. ఇంగిలీసులో తిడితే నేనేం బదులు సెప్పను? సదవండి, పరవాలేదు."

చదవక తప్పలేదు. పాతికేళ్ళలో అతను ఒక మనిషి ఎదురుగా గొంతెత్తి ఇంగ్లీషు చదవడం అదే మొదటిసారి. మూడు వాక్యాలూ చదివాడు. ఆమె తల పక్కకి వంచి, అర్థమవుతున్నట్టే శ్రద్ధగా విన్నది.

"నా పేరు రాలేదేంటండి?"

"పేరు రాయలేదు. వర్కర్ అని రాశాను. పనిచేసే మనిషి అని."

"ఈ తోటలో పనిసేసేవోళ్ళం పాతికమందిమి. ఆయనకి నేనెవరో తెలీనే తెలీదు. తెలీనప్పుడు నన్ను మానిపిత్తే ఆయనకేం, మానిపించకపోతే ఆయనకేం?"

ఆమె గొంతు పెంచలేదు గాని చెప్పడం ఆపలేదు. మూడు వందల్లోనూ చాలావరకు తన చేత్తోనే కట్టానంది. అదే గడ్డి, అదే నార, అదే ముడి. అందులో నూట ఎనభై బతికాయట కదా అంది.

"బతికే మొక్కకి బిగించి, సచ్చే మొక్కకి వదులుగా కట్టానంటారా? ఏది బతుకుద్దో ఏది సత్తదో నాకు ముందే తెలిసిపోద్దాండి?"

"చూస్తాను సత్యకుమారీ," అన్నాడు జానకిరామ్.

"రెండ్రోజుల నించీ సూత్తానే ఉన్నారుగా ఆ కాయితం వంక," అని ఆమె వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగి, ఈ తోటలో మానిపించిందని తెలిస్తే పక్క తోటలో కూడా పెట్టుకోరండి, కట్టు రాదంటారు అని మామూలుగానే చెప్పి వెళ్ళిపోయింది.

పక్క తోటవాళ్ళు అడిగితే మొదట అడిగేది ఇంగ్లీషు గుమాస్తానే. అతనికది తెలుసు.

అతను చిత్తు కాగితం చింపేశాడు. కొత్త కాగితం, కింద కార్బన్, పైన నర్సరీ పేరు. ఈసారి ఆగలేదు. ఆ నూట ఇరవై మొక్కల్నీ జూన్ పదిహేడున తల్లి చెట్టు నుంచి వేరు చేశామని రాశాడు. ఇరవై రెండున లారీ కదిలిందని రాశాడు. ఇంకో పదిహేను రోజులు నీడలో ఉండవలసినవని, అలా ఉంచమని పనివాడు చెప్పాడని, అయినా ఎక్కించమన్నది నర్సరీ గుమాస్తా అయిన తానేనని రాశాడు. ప్యాకింగ్‌లో ఏ లోపమూ లేదని రాశాడు. కలం వెనక్కి తిరగలేదు. పది నిమిషాల్లో పేజీ నిండింది. చనిపోయాయి పక్కన ఏం రాశాడో తనకే గుర్తులేదు. తిరిగి చూడలేదు కూడా. నోటు పుస్తకం సొరుగులోంచి తీయనే లేదు.

చాలా తేలిగ్గా అనిపించింది. లేచి కుండలోంచి చల్లటి నీళ్ళు తాగాడు. తాగుతూ గుమ్మంలోంచి చూస్తే, నీడ పందిరి కింద సత్యకుమారి మిగతా ఆడవాళ్ళకి దూరంగా కూర్చుని గడ్డి తడుపుతోంది.

గ్లాసు కింద పెట్టేసరికి ఆ తేలికదనం పోయింది.

ఎవరికి ఒప్పుకున్నాడు తను? నాగపూర్‌లో ఉన్న, ఎప్పుడూ చూడని, ఎప్పుడూ చూడబోని మనిషికి. ఆ మేజర్ చదివి, నిజాయితీ గల మనిషి అనుకుంటాడు. కార్బన్ కాపీ బీరువాలో ఉంటుంది. దాన్ని ఇక్కడ చదవగలిగినవాడు తనొక్కడే. అచ్చిబాబు గారు సాయంత్రం వచ్చి, తాను చెప్పినట్టే రాశాడనుకుని సంతకం పెడతాడు. సోమవారం సత్యకుమారి రాదు. తను మాత్రం నిజం చెప్పేసినవాడిలా రాత్రి హాయిగా నిద్రపోతాడు. ఇంతకాలం ఇంగ్లీషు తన మీద కక్ష కట్టిందనుకున్నాడు. కాదు, దాని చాటున ఎంత చోటుందో చూసుకుని, అక్కడే కాపురం పెట్టింది తనే. వెనక గదికీ దానికీ పెద్ద తేడా లేదు.

అలాంటి మనిషి ఇంకెవరైనా అయితే తిట్టి ఉండేవాడు. తనని తాను తిట్టుకోవడం కూడా ఆ క్షణంలో ఒక పనిలేని పనిలా కనిపించింది. తిట్టుకుంటూ కూర్చుంటే అయిదవుతుంది, ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోతారు.

అయిదు కాకుండానే స్కూటర్ వచ్చి షెడ్డు ముందు ఆగింది. అచ్చిబాబు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చి, రామచంద్రపురంలో ఎవరో కొబ్బరి మొక్కలకి అడిగారనీ, రేపు ఒకసారి చూసి రావాలనీ చెబుతూ జేబులోంచి కలం తీశాడు.

"అయిందా నీ పురాణం? ఆ కట్టిన మనిషిని తీసేసిన సంగతి రాశావా?"

జానకిరామ్ కాగితాన్ని టేబుల్ మీద ఆయన వైపు తిప్పి పెట్టాడు. అచ్చిబాబు గారు ఎప్పటిలాగే కిందికి వంగి, సంతకం పెట్టే చోటు వెతుక్కున్నాడు. అక్షరాల వంక చూడనైనా చూడలేదు. పదకొండేళ్ళ నమ్మకం అది. కలం ములుకు కాగితాన్ని తాకబోయింది.

జానకిరామ్ ఆ చోటు మీద అరచెయ్యి ఆనించాడు.

అచ్చిబాబు గారు తలెత్తి, ఏంటయ్యా అన్నాడు. కోపంగా కాదు, అర్థం కాక. మీరు కూర్చోండి, ఏం రాశానో తెలుగులో చెబుతాను అన్నాడు జానకిరామ్. నాకెందుకయ్యా అవన్నీ, నువ్వు రాశాక తిరుగేముంది అన్నాడాయన. అయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బయట ఆడవాళ్ళు చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకో అయిదు నిమిషాల్లో ఇళ్ళకి వెళ్ళిపోతారు.

జానకిరామ్ కాగితం చేతిలోకి తీసుకోలేదు. చెయ్యి దాని మీదే ఉంచి, అచ్చిబాబు గారి మొహంలోకి చూస్తూ చెప్పాడు.

"ఆ మొక్కలు పంపొద్దని పల్లంరాజు చెప్పాడండి. ఎక్కించమన్నది నేను."